రాళ్లకుంట ఎరుపు

3 మార్చి 1974, ఆదివారం

శేరిలింగంపల్లి శివారులో మా రాళ్లకుంటను పాడుచేసినవాడు నరసింహమూర్తి. నూలుకు రంగులద్దే కార్ఖానా అతనిది. వాడగా మిగిలిన రంగునీళ్లు రోజూ పొద్దున్నే కుంటలోకి వదులుతాడు. కుంట ఎర్రబడింది. ఆ నీళ్లు తాగి కిష్టమ్మ బర్రె చచ్చింది. రెండో బర్రె పాలు ఎవరూ పోయించుకోవడం లేదు. అర్జీ ఇచ్చాం. "కుంట నీళ్లు ఎక్కడైనా ఒకటే" అన్నాడు తహసీల్దారు, కుర్చీలోంచి లేవకుండా.

కనుక సినిమా తీస్తున్నాను. మూడు నిమిషాలది, రంగుల్లో. ఫిలిం సొసైటీ కెమెరా ఇచ్చింది.

శపథం: ఉన్నది ఉన్నట్టు. రంగు మార్చను. లేనిది చేర్చను. కెమెరా ప్రజల కన్ను అని సొసైటీ కరపత్రంలో ఉంది. కన్నుకు కాటుక అక్కర్లేదు. (రెండో వాక్యం నాది.)

6 మార్చి, బుధవారం

షూటింగ్ అయిపోయింది. కిష్టమ్మను గట్టు మీద నిలబెట్టాను.

"కొత్త చీర కట్టుకోనా బిడ్డా?"

"వద్దు. ఉన్నట్టే ఉండు."

"ఉన్నట్టుంటే ఎవడు జూస్తడు?"

ఆమెకు సిద్ధాంతం తెలియదు.

చిక్కు ఒకటే. కార్ఖానా పొగగొట్టం గుట్ట వెనక ఉంది. కుంటా గొట్టమూ ఒకే షాట్‌లో పట్టవు. పట్టకపోతే పోనీ. విడివిడిగా ఉన్నా నిజం నిజమే.

18 మార్చి, సోమవారం

ఫిలిం కడిగించడానికి మద్రాసు వెళ్లిన బుల్లిబాబు తిరిగొచ్చాడు. కాకినాడవాడు, స్టేషన్ దగ్గర ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. స్టూడియో గోడ మీద సినిమా వేసి చూశాం.

కుంట నీలంగా ఉంది. కిష్టమ్మ ముఖం ఆకుపచ్చగా ఉంది.

"ల్యాబ్‌లో రంగులు సరిచేసే ఆయన చాలా మంచివాడండి" అన్నాడు బుల్లిబాబు. "నీళ్లు ఎర్రగా ఎందుకుంటాయి, ఇదేదో ఫిలిం లోపం అనుకుని, పాపం ఎరుపంతా తీసేశాడు. ఛార్జీ కూడా పుచ్చుకోలేదండి."

"నువ్వు చెప్పలేదా?"

"నీలంగా చూస్తే కంటికి హాయిగా ఉందండి. మీరు సంతోషిస్తారనుకున్నాను."

కుర్చీని తన్నాను. కుర్చీ స్టూడియోది.

మళ్లీ మద్రాసు పంపే వ్యవధి లేదు. ఆదివారం సాయంత్రం బడిలో తహసీల్దారు సినిమా చూస్తాడు. మూసేది కార్ఖానానా, మా ఫైలా అన్నది ఆయన అప్పుడే తేలుస్తాడు.

20 మార్చి, బుధవారం

ఫొటోలకు పూసే రంగులు బుల్లిబాబు దగ్గర ఉన్నాయి. సన్నకుంచెతో ఫిలిం మీది ఒక్కో బొమ్మలో నీళ్లకు ఎరుపు పూస్తున్నాం. ఇది రంగు మార్చడం కాదు. మార్చినదాన్ని మార్చడం. కరపత్రంలో దీన్ని నిరాకరణకు నిరాకరణ అన్నారు.

శపథం చెక్కుచెదరలేదు.

21 మార్చి, గురువారం

నీళ్లకు చేసిన న్యాయం మనిషికి చేయకపోతే ఎలా? కిష్టమ్మ ముఖం కూడా సరిచేశాం. కాస్త తెల్లబడింది. బుల్లిబాబు అడక్కుండానే బొట్టు పెట్టాడు.

22 మార్చి, శుక్రవారం

బుల్లిబాబు సినిమాహాళ్లలో తెర మీద వేసే ప్రకటనల స్లైడ్లు కూడా అద్దం ముక్కల మీద గీస్తాడు. ఉపాయం అతనిదే. కుంట షాట్‌లో ఆకాశమంతా నల్ల సిరా పూస్తాం. ఆ నల్లటి జాగాలో, అద్దం మీద గీసిన గొట్టాన్ని స్లైడ్లు వేసే రెండో యంత్రంతో వేస్తాం. తెర మీద రెండూ ఒక్కటవుతాయి.

గొట్టం నిజంగానే ఉంది. గుట్ట నిజంగానే అడ్డం. మేము గుట్టను తీశామంతే.

పొగ కాస్త దట్టంగా గీయమన్నాను. శపథంలో పొగ ప్రస్తావన లేదు.

24 మార్చి, ఆదివారం

ఎర్రటి కుంట. పైన గొట్టం, పొగ. బడిలో వెనక బెంచీలవాళ్లు లేచి నిలబడ్డారు. తహసీల్దారు ముందుకు వంగాడు.

తర్వాతి షాట్ కిష్టమ్మది. బుల్లిబాబు తాను గీసిన పొగనే చూస్తూ రెండో యంత్రం ఆర్పడం మరిచాడు. గొట్టం కిష్టమ్మ నెత్తి మీద నిలబడింది. ఆ తర్వాత బర్రె వీపు మీద. జనం బెంచీలు చరుస్తూ నవ్వారు. తహసీల్దారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా నెత్తి మీద పొయ్యి వెట్టినవేందిరా వీరేశం" అంది కిష్టమ్మ.

తహసీల్దారు పక్కనే కూర్చున్న నరసింహమూర్తి మాత్రం నవ్వలేదు. మెల్లగా అడిగాడు. "గొట్టం నువ్వే వెట్టినవ్ గద తమ్మీ. మరి గా ఎరుపు?"

"అదీ నేనే పెట్టాను. కానీ..."

"కానీ వద్దులేవయ్యా" అన్నాడు తహసీల్దారు. "నువ్వే ఒప్పుకున్నావు. మంగళవారం కార్ఖానాకు వస్తున్నాను. అక్కడే సంతకం పెట్టి ఫైలు మూసేస్తాను."

బర్రెను అమ్మేస్తానని కిష్టమ్మ గోడతో చెప్పింది. నాతో చెప్పలేదు.

25 మార్చి, సోమవారం

కొత్త శపథం: ఉన్నది ఉన్నట్టు. ఈసారి ఫిలిం కూడా లేకుండా.

బుల్లిబాబు వచ్చాడు. "రేపు నీళ్లు అంత ఎర్రగా లేకపోతే ఎలాగండి? రంగు ఒక సీసా మిగిలింది."

తిట్టాను. పారబోయమన్నాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఎక్కడండి?"

"కుంటలో తప్ప ఎక్కడైనా."

కింది మాటలు నకలు రాసి బడి గోడకు అంటిస్తున్నాను:

ఊరివారికి. తహసీల్దారు జీపు కార్ఖానాకు పోవాలంటే కుంట గట్టే దారి. రేపు మంగళవారం పొద్దున ఆరు గంటలకు అందరూ గట్టు మీద ఉండండి. ఆయన దిగి ఆ నీళ్లలో చెయ్యి పెట్టేదాకా దారి ఇవ్వవద్దు. ఆరంటే ఆరే.