ఎర్ర ఫిల్టర్ పట్టిన మబ్బు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మట్టెవాడలో మన స్టూడియోను అమ్మా నేనూ నడుపుతున్నాం. ఫ్రిజ్‌లో నువ్వు దాచిన చివరి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును మొన్న వాడేశాను.

పరకాల దగ్గర పెద్దమ్మ వాళ్ల చేనులో, చుక్కలతోపాటు తిరిగే నీ స్టాండు మీద కెమెరా పెట్టి వరుసగా మూడు చుక్కలుండే గొర్రుకొయ్యల వైపు తిప్పాను. నువ్వెప్పుడూ పసుపు ఫిల్టరే బిగించేవాడివి. "ఎర్రది వెలుగంతా మింగుతది బిడ్డా" అనేవాడివి. కానీ ఆ చుక్కల నడుమ ఉండే వాయువుల మబ్బుల వెలుగే ఎరుపని చదివాను. భయపడుతూనే ఎర్రది బిగించి, షట్టర్‌ను నువ్వు ఉంచేదానికన్నా చాలాసేపు తెరిచి ఉంచాను.

ఈ ఉదయం ఫిల్ము కడిగాం. నువ్వు ఖాళీ అనుకున్న చోట, ఆ మూడు చుక్కలను చుట్టుకొని పెద్ద మబ్బు కనిపించింది. అమ్మకు వేలితో చూపించాను.

"గిది మరకనా?" అంది అమ్మ.

"కాదమ్మా, మబ్బే. దాని వెలుగు మనదాక రావడానికి వెయ్యేండ్లకు మీదనే పట్టింది."

అమ్మ ఫిల్మును దగ్గరికి జరుపుకొంది. "అయితే మీ బాపు ఫోటోలు తీసేటప్పుడు గీ వెలుగు తొవ్వలనే ఉన్నదన్నట్టు."

ఇద్దరం ఆ తడి ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తూ నిలబడ్డాం.

నీ బిడ్డ