గొంతు రాకముందే పెట్టుకున్న కృతజ్ఞత కూటం

నాచారం,
మట్టల ఆదివారం దాటిన బుధవారం

ప్రేమగల మా అక్క మార్తమ్మకు,

ప్రభువు పేరిట నీ చెల్లెలు రూతు వందనాలు. ఆయన కృప వల్ల ఇక్కడ మేమంతా క్షేమమే. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? బావకు మోకాలి నొప్పి తగ్గిందా? నీ మాట వినకుండా మళ్లీ చీకట్లో పొలానికి నీళ్లు పెట్టడానికి పోతున్నాడా? నేను అడిగానని చెప్పు, నువ్వు చెబితే వినడు కానీ మరదలు చెప్పిందంటే కొంచెం భయపడతాడు.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేస్తే నా మాట గాలిలాగా వస్తుంది, నువ్వు రెండుసార్లు ‘ఆఁ, ఆఁ’ అని మూడోసారికి ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే నాకు దగ్గొస్తుంది. అందుకని ఉత్తరమే నయమనిపించింది. నిదానంగా చదువుకో. మధ్యలో కళ్లనీళ్లు వస్తే ఆపి, తుడుచుకుని మళ్లీ చదువు. భయపడే సంగతి ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

నా గొంతు ఇంకా రాలేదక్కా. క్రిస్మస్ అయ్యాక మెడలో గడ్డ తీశారు కదా, ఆ గడ్డ మంచిదే, చెడ్డది కాదు. దాని పక్క నుంచి పోయే సన్నని నరం ఒకటి నీరసపడిందట. కొందరికి ఇలా అవుతుందట, అందులో ఎవరి తప్పూ లేదు. గొంతు రావచ్చు, రాకపోవచ్చు, కొన్ని నెలలు చూడాలని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. తిండికి ఇబ్బంది లేదు, నీళ్లు తొందరగా తాగితేనే పొలమారుతుంది. చిల్కానగర్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో మేడం మంచి మనిషి, నన్ను తీసేయలేదు. ఎల్కేజీ క్లాసు వేరే ఆమెకిచ్చి నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది. నా పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చి ‘టీచర్, మామీద అలిగినవా’ అని అడుగుతారు. కాదని తల అడ్డంగా ఊపితే నమ్మరు.

ఎండలు అప్పుడే మండుతున్నాయి. మాది పైఅంతస్తు కాబట్టి సాయంత్రానికి గోడలు కూడా కాలుతుంటాయి. మీ మరిది ఫ్యాక్టరీ నుంచి వచ్చి స్లాబు మీద నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి వస్తాడు, అత్తమ్మ నీళ్లన్నీ పారబోస్తున్నాడని సణుగుతుంది, అన్నం తిని పడుకుంటాం. ఇంతే మా బతుకు. మాట్లాడటానికి లేకపోయేసరికి నాకు పొద్దు పోదు. పొద్దు పోనప్పుడల్లా మన ఊరికి వచ్చేస్తున్నాను.

మట్టల ఆదివారానికి ముందురోజు నాయిన వెనకాల మనం చెరువుకట్ట మీదికి ఈత మట్టలకు పోయేవాళ్లం, గుర్తుందా? ముళ్లు గుచ్చుకుంటే నువ్వు నీ జాకెట్టు పిన్నీసు తీసి నా వేళ్లలోంచి తీసేదానివి. తెల్లారి ఆ మట్టలు పట్టుకుని వాడంతా తిరిగి మన రేకుల ప్రార్థన గుడి దాకా పోయేవాళ్లం. మైకు లేదు, హార్మోనియం పెట్టె లేదు, నాయిన చెవి మీద చెయ్యి పెట్టుకుని పాట ఎత్తేవాడు. ఒక్కోసారి మరీ పైకి ఎత్తేవాడు, ఆడవాళ్లెవరికీ అందక కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అప్పుడు నువ్వు నా డొక్కలో పొడిచేదానివి, నేను అందుకునేదాన్ని. ‘చిన్నది అందుకున్నది’ అని నాయిన కళ్లు మూసుకునే నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఇక్కడ ఈత మట్ట కావాలంటే ఎక్కడ వెతకాలో తెలియదు, పిల్లలు ఎవరింటి ముందు పచ్చగా ఉంటే ఆ కొమ్మ విరుచుకుని వస్తారు.

నీకు ఒక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో చర్చిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. కీబోర్డు, డ్రమ్ము ప్యాడ్లు, తెర మీద అక్షరాలు, అంతా చదువుకున్నవాళ్ల వ్యవహారంలా ఉండేది. ఒక ఆదివారం పాట మధ్యలో కరెంటు పోయింది. మైకు ఆగింది, తెర ఆరిపోయింది, పాడేవాళ్లు ఆగిపోయారు. నేను ఆలోచించకుండానే కూర్చున్న చోటు నుంచి ఎత్తేశాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అప్పటి నుంచి పాస్టరయ్య పాట నన్నే ఎత్తమంటారు. ఈ పట్నంలో నాకు పేరు వచ్చింది ఆ పాటతోనే. ఫలానావాళ్ల కోడలు అనేవాళ్లు, తర్వాత పాటల రూతమ్మ అన్నారు. అందుకే గొంతు పోతే ఏమైంది, చేతులు కాళ్లు బాగున్నాయి కదా అని ఎవరైనా అంటే నాకు మండుకొస్తుంది.

ఇక అసలు విషయం. మా అత్తమ్మ సంగతి నీకు తెలుసు, ఆమె విశ్వాసానికి అడ్డు ఆపు లేదు. నేను దవాఖానా నుంచి వచ్చిన కొన్నాళ్లకు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, అందరి ముందూ అనేసింది: “మట్టల ఆదివారం వరకు నా కోడలు పాట పాడ్తది. గా దినమే మా ఇంట్ల కృతజ్ఞత కూటం. అందరు రావాలె.”

అందరూ హల్లెలూయ అన్నారు. పాస్టరయ్య ఆదివారం ప్రకటనల్లో కూడా చెప్పేశారు. ఉద్యోగం వస్తే, బిడ్డ పుడితే, జబ్బు నయమైతే మనవాళ్లు కృతజ్ఞత కూటం పెడతారు. ఈమె దేవుడు ఇవ్వకముందే పెట్టేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

అప్పటి నుంచి నా కష్టాలు చూడు. ఒకామె మిరియాల కషాయం తెచ్చింది, ఇంకొకామె కరక్కాయ బుగ్గన పెట్టుకోమంది, రామంతాపూర్ నుంచి ఒక పెద్దమ్మ ప్రార్థన చేసిన నూనె సీసా తెచ్చి మెడకు పూసింది. గొంతు మాట దేవుడెరుగు, నా పొట్ట పాడయ్యేట్టుంది. రోజూ పొద్దున్నే లేచి తలుపేసుకుని ఒక చరణం ఎత్తి చూసేదాన్ని. గాలి. మర్నాడు మళ్లీ గాలి. ఆదివారం దగ్గరపడే కొద్దీ నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ‘నీ పాటలే కదా పాడాను, తీసుకోవడానికి నా గొంతే దొరికిందా’ అని పోట్లాడాను. అత్తమ్మ మీద అంతకన్నా కోపం వచ్చింది. నా గొంతును ఆమె పందెం కాసినట్టు అనిపించింది.

శనివారం మీ మరిది వాళ్లమ్మను గట్టిగానే అడిగాడు, ఏమి వచ్చిందని కృతజ్ఞత, వచ్చినవాళ్లకు ఏం చెబుతాం, ఫోన్లు చేసి వద్దని చెప్పేస్తానన్నాడు. నేనూ తల ఊపాను. ఆమె కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చేతిలోని రెబ్బ పక్కన పెట్టింది.

“నేను దేవునికి మాటియ్యలే బిడ్డా,” అంది నా వైపు చూసి. “దేవునితోటే మాట ఇప్పిచ్చుకున్న అనుకున్న. ఆయన్ని అడగకుంటనే దినం నేనే పెట్టిన. తప్పు నాదే. కాని కూటం ఆపొద్దు. ఆయన ఇస్తేనే వందనాలు, ఇయ్యకుంటే తలుపు మూసుకుంటమా?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెల్లుల్లికి కళ్లనీళ్లు రావు కదా. నా కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం ఉంది, నీ దగ్గర దాపరికం ఎందుకు.

మీ మరిది పాస్టరయ్యకు ఒక్కరికే ఉన్న మాట చెప్పాడు. ఆయన కూటం జరుపుదామన్నారు. మిగతావాళ్లకు తెలియదు. ఆదివారం సాయంత్రం ఇల్లు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. అందరూ నాకు గొంతు వచ్చిందనుకునే వచ్చారు, నా ముఖం చూసి నవ్వుతున్నారు. ప్రార్థన అయ్యాక పాట సమయం వచ్చింది. అలవాటు చొప్పున అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నేనూ అలవాటు చొప్పునే నోరు తెరిచాను. గాలి వచ్చింది. నవ్వులన్నీ ఆగిపోయాయి. నేలలోకి పోతే బాగుండనిపించింది.

అప్పుడు మా అత్తమ్మ ఎత్తింది. ఆమె పాట బర్రెను పిలిచినట్టు ఉంటుందని మనం ఎన్నిసార్లు నవ్వుకోలేదు? ఆ గొంతుతోనే, రాగం తప్పి, రెండో చరణం ముందు పాడి, మొదటి చరణం తర్వాత పాడింది. ఒకరొకరుగా అందరూ అందుకున్నారు. నేను చేతులతో తాళం వేశాను. అక్కా, ఇన్నేళ్లూ నేను పాట లోపలే ఉన్నాను. ఆ రోజు బయట కూర్చుని విన్నాను. మనవాళ్లు పాడితే అంత బాగుంటుందని నాకు తెలియదు.

తర్వాత పాస్టరయ్య సాక్ష్యం ఎవరు చెబుతారని అడిగారు. నేను లేచాను. నోరు తెరిస్తే నా గుసగుస ఫ్యాను చప్పుడులో కొట్టుకుపోతోంది, ముందువాళ్లకు కూడా వినపడటం లేదు. మీ మరిది లేచి వెళ్లి ఫ్యాను ఆపేశాడు. అంత ఎండాకాలంలో, అంతమంది జనంలో. ఎవరూ కాదనలేదు. ఎవరో వీధి వైపు కిటికీ కూడా మూశారు. చెమటలు కారుతుండగానే అందరూ ముందుకు వంగారు.

నాకు వచ్చినట్టు చెప్పాను. “గొంతు రాలే. వస్తదని మిమ్ముల పిలిచినం, రాలే. నాకు కోపమొచ్చింది, ఇంకా జర ఉన్నది. ఇచ్చింది ఆయనే, ఇన్నేండ్లు పాడిచ్చుకున్నడు. ఇప్పుడు ఎందుకు ఆపిండో తెల్వది. తెల్వకుంటనే ఆయన చేతుల పెడుతున్న. మళ్ల గుంజుకోను.”

అంతే చెప్పి కూర్చున్నాను. ఇల్లు అదిరిపోయేలా ఆమెన్ అనే మనుషులు వాళ్లు. ఆ రోజు అందరూ నాలాగే గుసగుసగా ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత బగార అన్నం, కోడికూర. అన్నం కొంచెం అడుగంటింది, అయినా గిన్నె ఖాళీ. అత్తమ్మ తన పాట ఎలా ఉందని అందరినీ అడిగి మరీ పొగిడించుకుంది.

మన ఊరివాళ్లు ఎవరైనా ఉప్పల్ వైపు బస్సెక్కితే ఎండబెట్టిన చింతచిగురు పంపు, రింగ్ రోడ్డు దగ్గర మీ మరిది వచ్చి తీసుకుంటాడు. ఈస్టరుకు అమ్మానాయినల సమాధులకు సున్నం వేసినప్పుడు నా తరఫున రెండు పూలు పెట్టు. సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. బావను, నిన్ను దీవెనలు అడుగుతున్నాను.

నా గొంతు కోసం నువ్వు ప్రార్థన మానకు, నేనూ మానలేదు, రోజూ అడుగుతూనే ఉన్నాను. తేడా ఒక్కటే. ఇదివరకు అడిగి, జవాబు వచ్చిందా లేదా అని తెల్లవార్లూ గొంతు తడుముకునేదాన్ని. ఇప్పుడు అడిగి, అత్తమ్మ పక్కన పోయి పడుకుంటున్నాను. నిద్ర పడుతోందక్కా.

ప్రభువు నీడలో,
నీ చెల్లెలు
రూతు