బండి పక్కన మంచం

జులై 2, బుధవారం

మళ్ళీ మెసేజ్. ఈసారి తెలుగులోనే. మీ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ లోపం వల్ల రీకాల్‌లో ఉంది... బ్యాటరీ మార్చేవరకు ఇంట్లో గానీ, ఇంటి గోడ పక్కన గానీ నిలపవద్దు. నిండా ఛార్జింగ్ పెట్టవద్దు. నిలిపి ఉంచినప్పుడు కూడా మంటలు రావచ్చు.

నిలిపి ఉంచినప్పుడు! పరిగెత్తే బండిని చూసి భయపడటం తెలుసు. ఊరికే నిలబడ్డ దాన్ని చూసి ఎట్లా భయపడాలో ఎవరు నేర్పిస్తారు?

మా ఆయన చదివి ఫోన్ బోర్లా పెట్టాడు. "కంపెనీవోళ్ళు అన్నీ అట్లనే రాస్తారు మేయ్."

అత్త మంచం పోర్టికో గోడకు ఇవతలే. బండి అవతల.

జులై 5, శనివారం

మదనపల్లె సర్వీస్ సెంటర్. బడికి సెలవు పెట్టి పోయాను. చల్లటి గది, కాఫీ, మర్యాద. "బ్యాటరీ రావాల మేడం. వస్తానే మేమే ఫోన్ చేస్తాం." ఎప్పుడొస్తుంది? "వస్తాది."

అందాకా ఇక్కడే పెట్టుకోండి అన్నాను. సూపర్‌వైజరు ముఖాన నవ్వు పోయింది. "ఈడ కుదరదు మేడం. పైన షెడ్డుండాది గదా."

వాళ్ళ షెడ్డు మీద వాళ్ళకు ఎంత ప్రేమో!

వచ్చేటప్పుడు దారి పొడవునా కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను. బ్యాటరీ కాళ్ళ కిందే కదా. ఆయన చూశాడు. పుంగనూరు దాటాక, "చెప్పులు విప్పేసి గుళ్ళో కూసున్నట్ల కూసుండావే" అన్నాడు. నవ్వొచ్చింది. కాళ్ళు దించలేదు.

జులై 6, ఆదివారం

బండిని చేనికి తోలేశాడు. బోరు దగ్గర ఖాళీ జాగాలో పెట్టాడు. అత్త ఆవు ఉండేది కూడా ఆ పక్కనే, వేపచెట్టు కింద. మిద్దె మీద నుంచి చూస్తే తెల్లగా కనబడుతుంది. ముందు కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ ఎండి నల్లబడింది, అయినా ఊగుతోంది.

ఇల్లు తేలికైంది. ఈ రాత్రి నిద్ర పడుతుంది.

జులై 7

పట్టలేదు. నిన్న చీకటి పడగానే ఆయన మంచం నెత్తిన పెట్టుకుని, దుప్పటి చంకలో పెట్టుకుని చేనికి బయలుదేరాడు. అడ్డం నిలబడ్డాను.

"దూరంగా పెట్టమన్నారు, పెట్టినా. ఒంటిగా వదిలేయమని యాడ సెప్పినారు? తెల్లారేకి చక్రాలు కూడా ఉండవు."

అత్తదీ కొడుకు పక్షమే. "సేన్లో సెనక్కాయ కుప్పేస్తే కాపలా పండుకోరా? ఇదీ అంతే గదమ్మా."

ఇంతకాలం ఊళ్ళోవాళ్ళ బండ్లు తోలిన మనిషి. ఇది మొట్టమొదటి సొంతది. నాకు తెలియదా? తెలుసు. కానీ దూరం పెట్టమన్నది మనిషి కోసం కదా. ఆ మనిషే పోయి దాని పక్కన పడుకుంటే... ఎవరికి చెప్పుకోను? కంపెనీకి రాయనా, అయ్యా మీ మాట విన్నాం, బండిని దూరం పెట్టాం, మొగుణ్ణి కూడా పెట్టాం అని?

జులై 10

పొద్దున్నే టీ తీసుకుని పోయాను. తాళం ఆయన జేబులో ఉంది. బండి ఆపి ఉంది. అయినా ముందు భాగంలో ఫ్యాన్ తిరుగుతోంది. పెద్ద ఫ్యాన్. ఎవరో నోరు తెరిచి ఊపిరి తీస్తున్నట్టు. కాసేపు తిరిగి, ఆగి, మళ్ళీ మొదలు.

ఆయన ఆ మోత పక్కన పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు.

"అది దాన్ని అదే చల్లబరుసుకుంటాండాది" అన్నాడు లేచాక. రాత్రంతా తిరిగిందా? "తిరగతా ఉంటాది. బాగుంటాది మేయ్. తోడున్నట్టు."

ఆవు పలుపు ఎంత సాగుతుందో అంత సాగదీసుకుని, బండికి వీపు పెట్టి నిలబడి ఉంది.

జులై 14

ఈ బండి ఓనర్ల వాట్సాప్ గ్రూపులో నన్ను కూడా చేర్చమని ఆయన్ని అడిగాను. చేర్చాడు. పొద్దున లేస్తే ఏడుపులే. కలికిరి ఆయన స్క్రీన్ నల్లబడింది. గంగవరం ఆయనకు తలుపులు తెరుచుకోలేదు. కుప్పం మునెప్ప సారు (డ్రాయింగ్ మాస్టరుగా రిటైరయ్యాడట) రోజూ ఒకే మాట రాస్తాడు: ఈరోజు కూడా ఫ్యాన్ తిరిగింది.

మా ఆయన రాసేది కూడా ఒకే మాట. మాకు ఏ ప్రాబ్లం లేదు. కింద ఒక బొటనవేలు బొమ్మ.

జులై 17

గ్రూపు అడ్మిన్ అందరినీ ఫొటోలు పెట్టమన్నాడు. బండ్లను ఇళ్ళకు దూరంగా పెట్టామని కంపెనీకి చూపించాలట. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నాను.

మదనపల్లెలో టమోటా క్రేట్ల పక్కన ఒక బండి. కలికిరిలో మోటారు గది ముందు ఒకటి. గంగవరంలో చింతచెట్టు కింద. కుప్పంలో మల్బరీ తోటలో.

మూడోసారి చూస్తుంటే కనబడింది. ప్రతి ఫొటోలోనూ, ఒక మూల, మంచం. నవ్వారు మంచం, ఇనుప మంచం, దోమతెర కట్టిన మంచం. దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయి. ఒక్కదాని మీదా మనిషి లేడు.

మా ఫొటోలో కూడా ఉంది. ఆ దుప్పటి నేను ఉతికిందే.

ఫోన్ మూసేశాను. బెల్లు కొట్టినా కాసేపు లేవబుద్ధి కాలేదు.

జులై 19

సాయంత్రం మునెప్ప సారు మెసేజ్: మధ్యాహ్నం నుంచి ఫ్యాన్ తిరగలేదు. ప్రశాంతంగా ఉంది.

పాపం, ఇన్నాళ్ళకు. కింద ఒక దండం బొమ్మ పెట్టాను.

జులై 21

సారు నుంచి ఏమీ లేదు. నిన్నా లేదు. గ్రూపులో ఎవరూ అడగరు. నేను ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్.

"గమ్మునుండు. నిద్రపోతాంటాడు పెద్దాయన" అంటాడు మా ఆయన.

జులై 23, బుధవారం

కుప్పంలో టీచర్ల ట్రైనింగ్. మధ్యాహ్నానికే వదిలేశారు. సారు ఊరు ఆటోలో పోతే దగ్గరే. దారి అడుగుతూ పోయాను.

వాళ్ళావిడ వాకిట్లో ఉంది. సారు ఉన్నారా అంటే చెయ్యి చూపించింది. "ఆడ. బండికాడ ఉండాడు."

బండి లేదు. మల్బరీ తోట మధ్యలో నల్లటి జాగా, వంకర్లు పోయిన ఇనుము. చుట్టూ ఆకు మాడి ముడుచుకుంది. ఆ నలుపు అంచున మంచం. నవ్వారంతా కాలిపోయి ఇనుప చట్రం మాత్రం మిగిలింది. దాని మీద చెక్క పలకలు పరుచుకుని సారు కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు. నన్ను చూసి, "రామ్మా" అన్నాడు, ఇంట్లో వసారాలో కూర్చున్నట్టే.

ఇంకా ఇక్కడే ఎందుకున్నారు సార్?

"కంపెనీవోళ్ళు వచ్చి సూసేదాకా బూడిద కూడా కదపకూడదంట. పాత ఇనుపసామాన్లోళ్ళు ఎత్తకపోతే? సేన్ల మీద పడే ఏనుగులకి కాపలా ఉన్నోళ్ళం, దీనికి ఉండలేమా?"

రాత్రిళ్ళు కూడానా? "రాత్రే గదమ్మా కాపలా."

ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. మెసేజ్ పెట్టిన రాత్రే, ఒంటికి పోదామని లేచి గట్టు దాకా వెళ్ళాడట. వెనక్కి తిరిగేసరికి వెలుతురు. మంచం మీది ఫోన్ కోసం చెయ్యి పెట్టాడట. అంతే. గట్టు దాకా వెళ్ళకపోయి ఉంటే...

"ఫ్యాను తిరగతాండేంత సేపు భయం లేదమ్మా. లోపలి వేడిని బయటికి తోస్తా ఉంటాది. ఆగిపోతాది సూడు, వేడి అట్లనే ఉండి ఫ్యాను ఆగిపోతాది. అప్పుడు లేసి వచ్చేయాల. నాకు తెలీలా. సల్లబడింది, బాగైపోయింది అనుకున్యా."

లేచి వస్తుంటే పిలిచాడు. "ఇనబడతాండాదా?"

ఏంటి సార్?

"ఫ్యాను. నాకు ఇప్పటికీ ఇనబడతాండాది."

గాలికి ఆకు కదులుతోంది. నాకేమీ వినబడలేదు. వినబడలేదనే రాస్తున్నాను. కానీ బస్సు పలమనేరు దాటేదాకా నా చెవిలో ఏదో తిరుగుతూనే ఉంది.

జులై 24

అంతా చెప్పాను. నవ్వాడు. తర్వాత నవ్వలేదు. చాలాసేపు వక్క కొరుకుతూ కూర్చున్నాడు. లేచి చేనికి పోయాడు. హమ్మయ్య, మంచం తెచ్చేస్తాడు అనుకున్నాను.

తిరిగొచ్చి అన్నాడు: "ఆవును ఆ పక్క గట్టు మీద కట్టేసి వచ్చినా."

ఆవును! ఆవు మీద ఉన్న ఆ మాత్రం జ్ఞానం తన మీద లేదు!

ఏడ్చాను. అరిచాను. అత్త ఈసారి కొడుకు పక్షం రాలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని మెల్లిగా, "ఆయప్పది వేరే లాట్ బ్యాటరీ మేయ్" అన్నాడు. గొంతులో నమ్మకం లేదు. దుప్పటి మాత్రం తీసుకుపోయాడు.

జులై 26, శనివారం

ఫోన్ వచ్చింది. బ్యాటరీ వచ్చింది! సోమవారం పొద్దున మదనపల్లె తీసుకురమ్మన్నారు. అత్త ఇంట్లో దీపం పెట్టింది. ఆయన బండి తుడిచాడు, ఎండిన దండ తీసి కొత్త నిమ్మకాయ కట్టాడు. "సూసినావా? నువ్వు ఊరికే భయపడినావు."

అయితే ఈ రెండు రాత్రులు ఇంట్లో పడుకో అన్నాను. "ఇన్నాళ్ళు కాసి, ఆఖర్న దొంగలకి ఇస్తానా?"

జులై 27, ఆదివారం

ఇంట్లో ఉండలేకపోయాను. పొద్దు వాలకముందే సంగటి, వేరుశనగ చట్నీ క్యారేజీలో పెట్టుకుని చేనికి వచ్చేశాను. డైరీ కూడా తెచ్చుకున్నాను. ఆయనకు చెప్పాను, ఈరోజు నేనూ ఇక్కడే. నీ బండికి నువ్వు కాపలా, నీకు నేను.

"నీకెవురు మరి?" అని నవ్వాడు. తిన్నాడు. పగలంతా పొలం పని చేసిన మనిషి, పడుకోగానే కళ్ళు మూతపడ్డాయి.

నేను మంచం కాళ్ళ వైపు కూర్చున్నాను. ఇంకా వెలుతురు ఉంది, అక్షరాలు కనబడుతున్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది. ఒకప్పుడు ఈ మోత వింటే పారిపోవాలనిపించేది. ఇప్పుడు అదే నా ప్రాణం. తిరగనీ. తెల్లవార్లూ తిరగనీ. రేపు ఈ పాటికి వేరే బ్యాటరీ, వేరే బండి. మంచం ఇంటికి. దుప్పటి నానబెట్టి ఉతకాలి. మునెప్ప సారుకు ఒకసారి వెళ్ళి చెప్పిరావాలి, లేచి ఇంటికి పొండి సార్ అని...

ఎంత హాయిగా ఉందో. ఎక్కడో మోటారు. ఎవరిదో రేడియో. ఆయన గురక.

గురక ఇంతసేపూ వినబడలేదే?

ఆవు గట్టు మీద లేచి నిలబడింది. ఇటే చూస్తోంది.

ఫ్యాన్ ఎప్పుడు ఆగింది — లేపుతున్నా