ఎవరడిగినా తీసే తాళం

బుదాయ్,
113వ సంవత్సరం, ఏప్రిల్ 22

ప్రియమైన లాన్ అన్నగారికి,

'ప్రియమైన' అన్నది ఉత్తరాల మర్యాద కాబట్టి రాశాను. అంతకుమించి ఏమీ ఊహించుకోకండి.

మీ చిరునామా మీరు రాసి అందరికీ ఉచితంగా ఇస్తున్న పిల్లకాలువ కోడ్ లైసెన్సు పేజీ అడుగున దొరికింది. ఇంటర్నెట్‌లో అడిగితే మీరు "చూస్తాను" అని ఒక్క ముక్క పెట్టి మాయమైపోతారు. కాగితమైతే చింపడానికైనా ఒకసారి చేత్తో పట్టుకోవాలి కదా. అందుకే పోస్టులో వేస్తున్నాను.

నేనెవరో గుర్తుచేస్తాను. మీ పిల్లకాలువ లైబ్రరీలోని సాకెట్లకు, అంటే యంత్రాలు మాట్లాడుకునే దారులకు, ఎన్‌క్రిప్షన్ రాసి పంపినదాన్ని. చలికాలంలో పంపాను, ఇప్పుడు మామిడిపండ్లు వచ్చేస్తున్నాయి. ఇన్నేళ్లుగా పిల్లకాలువతో రెండు యంత్రాలు ఏం మాట్లాడుకున్నా అంతా బట్టబయలే. దారిలో ఎవడైనా వినొచ్చు, మధ్యలో తన మాటా కలపొచ్చు. నేను దానికి తలుపు పెట్టాను, తాళం పెట్టాను. నేను కాలేజీ గడప తొక్కలేదు. మీ కోడ్ చదివే ఈ పని నేర్చుకున్నాను. అందుకే ఎక్కువ మండుతోంది.

మీరు చేసిందేమిటి? మొదట కోడ్ వరసల ముందు ఖాళీలు సరిగ్గా లేవన్నారు. సరిచేశాను. తర్వాత పేర్లు పొడుగయ్యాయన్నారు. కుదించాను. తర్వాత "ఇంకొక్క విషయం" అన్నారు. అది మాత్రం నిజమైన తప్పే. ఎన్‌క్రిప్షన్ పొర అప్పటికే విప్పి పెట్టుకున్న మాటలు లోపల పడి ఉంటే, నా కోడ్ బయట కొత్తవి వచ్చేదాకా నిద్రపోతోంది. వంటింట్లో అన్నం చల్లారిపోతుంటే వీధిలో బియ్యం బండి కోసం కాచుకున్నట్టు. అదీ సరిచేశాను. మళ్ళీ "ఇంకొక్క విషయం". ఆ నాలుగోదేమిటో చెప్పనే లేదు మీరు.

మీకిది సరదా కావచ్చు. నేను పనిచేసేది దాయ్ అనే ఆయన చిన్న కంపెనీలో. చేపల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు నడిపే పెట్టెలు చేస్తాం. పెట్టె మా సర్వర్‌తో మాట్లాడేది పిల్లకాలువతోనే. ఈ నెల మొదట్లో ఎవడో ఆ మాటల్లో దూరి, చివరి చెరువు పెట్టెకు "ఆపు" అని చెప్పాడు. తెల్లారేసరికి పాలబొంత చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ చెరువు కుంగ్ అనే ఆసామిది. ఆ గట్టు మీద అందరిచేతా పెట్టెలు కొనిపించింది మా షుయ్-హో మావయ్య.

"నీ మేనకోడలి పెట్టె నా చేపల్ని మింగింది," అన్నాడట కుంగ్, టీ కొట్టులో పదిమంది ముందు. మావయ్య ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఎండలు ముదిరి, గాలి ఆడని రాత్రులు మొదలైతే ఏరేటర్ గంట ఆగినా చెరువు పోతుంది. ఈలోపు తాళం పడకపోతే అందరూ పెట్టెలు పీకేస్తారు. ఆ గట్టు మీద మావయ్య మాటకో విలువుంది. ఆయనకున్న ఆస్తి అదొక్కటే.

కాబట్టి నా కోడ్ కలపండి. లేదా ఎందుకు కలపరో చెప్పండి.

మండుతున్న కడుపుతో,
కో యా-ఫాంగ్

---

యీలాన్,
2024 ఏప్రిల్ 29

ప్రియమైన యా-ఫాంగ్‌కి,

నీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది. అయినా వేడి తగ్గలేదు.

పగలు నేను ఊరి నీళ్ల ఆఫీసులో పంపులు చూసుకుంటాను. పిల్లకాలువకు జీతం లేదు, తిట్లు మాత్రం అన్ని ఊళ్ళ నుంచీ వస్తాయి. వాటిలో నీవి చదవడానికి బాగున్నాయి. మీ మావయ్య సంగతి ముందే రాసి ఉండాల్సింది. ఖాళీల గురించి అంత విసిగించేవాణ్ణి కాదు. కొంచెం విసిగించేవాణ్ణి.

ఇక విషయం. నీ కోడ్‌లో ఒక స్విచ్ ఉంది, అవతలివాడెవరో పరీక్షించాలా వద్దా అని. దాన్ని 'వద్దు' మీద ఉంచి పంపావు. పరీక్ష కోసం అలా పెట్టుకుని తియ్యడం మర్చిపోయావేమో అనుకున్నాను. కానీ పక్కనే "ఇది ఇలాగే ఉండాలి" అని రాసి ఉంది.

ఉండకూడదు. ఎన్‌క్రిప్షన్ అంటే గది తలుపులు మూసుకుని మాట్లాడుకోవడం. లోపల కూర్చున్నదెవరో అడక్కపోతే, ఆ తలుపులు దొంగతో కలిసే మూసుకున్నావేమో! సర్వర్ ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద పేరుంటుంది, ఇచ్చిన వాడి ముద్ర ఉంటుంది, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా చెల్లుతుందో ఉంటుంది. పెట్టె ఆ మూడూ చూసుకున్నాకే నోరు విప్పాలి. స్విచ్ తీసేయ్. మొత్తంగా తీసేయ్. ఉంటే ఎవడో ఒకడు దాన్ని తిప్పుతాడు.

ఇంకొక్క విషయం: వేరే పొట్లంలో ఉల్లికాడలు పంపుతున్నాను. ఈ ఊళ్ళో వానా అవీ తప్ప ఇంకేమీ లేవు.

లాన్ దింగ్-యువాన్

---

బుదాయ్,
113వ సంవత్సరం, మే 8

ప్రియమైన, మహా ఓపికగల లాన్ అన్నగారికి,

స్విచ్ ఎందుకు పెట్టానో తెలియక కాదు మీరు పాఠం చెప్పింది. అడగక! సరే, వినండి.

మీ మాట మీద మళ్ళీ పరీక్ష 'కావాలి' మీద పెట్టి, గట్టు మీది పెట్టెలన్నిటికీ ఎక్కించాను. సగం పెట్టెలు సర్వర్‌తో మాట్లాడనని మొండికేశాయి. కారణం ఏమంటున్నాయో తెలుసా? "ఈ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు." మార్చిలో తీసుకున్న సర్టిఫికెట్ అది! పుట్టి, నడక నేర్చిన పిల్లాడిని పట్టుకుని ఇంకా పుట్టలేదంటే ఏం చెయ్యమంటారు? నా బల్ల మీద పెట్టెలన్నీ బుద్ధిగా పనిచేస్తాయి. చెరువు గట్టెక్కితే చాలు, సగానికి పిచ్చి పడుతుంది. చలికాలంలో మొదటిసారి ఎక్కించి చూసినప్పుడు కూడా ఇంతే జరిగింది, పాతదే మళ్ళీ ఎక్కించాను, అందుకే స్విచ్ పెట్టాను.

మావయ్య దగ్గరికెళ్లాను. ఆయన పెట్టే మొండికేసింది.

"పెట్టెని ఏమైనా కెలికావా మావయ్యా?"

"నేనెందుకు కెలుకుతానే! ఉరిమితే కరెంటు పోద్ది. వచ్చాక తారీఖు అడుగుద్ది, కొడతాను. అంతే."

"సరిగ్గా కొట్టావా?"

"ఇదేం ఏడాదో తెలీకుండానే ఈ జుట్టు నెరిసిందా నాకు?"

కుంగ్ గట్టు అవతల నిలబడి వింటున్నాడు. "మొదట చేపల్ని చంపింది. ఇప్పుడు అసలు మాట్లాడటమే మానేసింది. మంచి పెట్టె, షుయ్-హో, మంచి పెట్టె," అన్నాడు. మావయ్య చేతిలోని మేత బకెట్ కింద పెట్టి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఇంక నా వల్ల కాదు. మీరు మీ వానలో కూర్చుని, విదేశీ దొరలా ఉత్తరం నెత్తిన 2024 అని తారీఖు వేసుకుని, గదులూ దొంగలూ అని కథలు చెప్పండి. ఈ ఉప్పుగాలిలో అందరూ మన రిపబ్లిక్ లెక్కన 113 అనే అంటారు, ఇక్కడ చేపలకు ఊపిరి కావాలి. రేపు స్విచ్ 'వద్దు' మీదకు తిప్పి, నా సొంత నకలు అన్ని పెట్టెలకూ ఎక్కిస్తున్నాను. మాటలు ఎన్‌క్రిప్ట్ అవుతాయి, అంత చాలు. మీ పిల్లకాలువలో మీరే ఈదండి.

ఉల్లికాడలు అందాయి. మావయ్య మెచ్చుకున్నాడు. నేను ముట్టలేదు.

యా-ఫాంగ్

---

చీగూ,
113వ సంవత్సరం, మే 21

ప్రియమైన లాన్ అన్నగారికి,

ఏం, అలిగారా?

నా నకలు ఎక్కించాను. అన్ని పెట్టెలూ పనిచేస్తున్నాయి. ఒక్కటి కూడా కిక్కురుమనలేదు. చూశారా! ఇప్పుడు చీగూలో కొత్త చెరువులకు పెట్టెలు బిగిస్తున్నాను, మా ఓనరు దాయ్ మొహంలో నవ్వు కనిపిస్తోంది.

కానీ మీ జాడ లేదు. ఇంటర్నెట్‌లో పిల్లకాలువ చర్చల్లో ఎవరెన్ని అడిగినా జవాబు లేదు. ఫోన్ నంబరు వెతికి పట్టుకుని చేశాను, మోగి మోగి ఆగిపోయింది. తిట్టడానికైనా మనిషి ఉండాలి కదా. ఒంట్లో బాగానే ఉందా? ఉంటే ఆ ముక్క రాయండి. లేకపోతే ఎవరిచేతైనా రాయించండి.

మీ లైబ్రరీతో తెగతెంపులు చేసుకున్నాను కానీ మీతో చేసుకున్నానని చెప్పలేదు.

యా-ఫాంగ్

---

బుదాయ్, మీ మావయ్య షెడ్డు,
2024 మే 24

ప్రియమైన యా-ఫాంగ్‌కి,

పైన ఊరి పేరు చూసి కుర్చీలోంచి లేవకు. ఒంట్లో బాగానే ఉంది. ఆఫీసులో సెలవు పెట్టి రైలెక్కాను. ఫోన్ ఇంట్లో మర్చిపోయాను. పోయినవారమే వచ్చాను, నువ్వు చీగూలో ఉన్నావన్నారు. వెళ్లిపోదామనుకుంటే మీ మావయ్య పాలబొంత గంజి గిన్నె చేతికిచ్చారు. అది తాగాక వెళ్లబుద్ధి కాలేదు.

నీ తాళం చూడాలని ఉందని ఆయనకు చెప్పాను. ఆయన గట్టు మీదే, ఆయన ముందే, నా లాప్‌టాప్‌ని షెడ్డు నెట్‌కు కలిపి, మీ కంపెనీ సర్వర్‌ని నేనేనని పెట్టెకు చెప్పాను. నా చేతిలో ఉన్నది నాకు నేనే రాసుకున్న సర్టిఫికెట్. పెట్టె నన్నేమీ అడగలేదు. చక్కగా తలుపులు మూసుకుని, ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని, నాతో రహస్యంగా మాట్లాడింది.

"ఇప్పుడు మీరేం చెప్పినా అది వింటుందా?" అన్నారు మీ మావయ్య.

"అడగండి."

"ఆపు చూద్దాం."

ఏరేటర్లన్నీ ఆగిపోయాయి. నీళ్లు నిలిచిపోయాయి. ఆయన చేతిలో టీ కప్పు కూడా అక్కడే ఆగిపోయింది. వెంటనే మళ్ళీ తిప్పాను.

"ఇది మా పిల్ల వేసిన తాళమేనా?"

"తాళం చాలా మంచిదండీ," అన్నాను. "కాకపోతే ఎవరడిగినా తీస్తుంది."

కోప్పడకు, ఇంకా ఉంది. ఆ మధ్యాహ్నం ఉరుములొచ్చి కరెంటు పోయింది. వచ్చాక పెట్టె తారీఖు అడిగింది. మీ మావయ్య కళ్లద్దాలు పెట్టుకుని కొట్టారు. తెర మీద ఏడాదికి రెండే గళ్లున్నాయి. ఆయన 13 అని కొట్టారు. ఇది 113 కదా మరి! బుదాయ్‌లో ఎవరినడిగినా అదే చెబుతారు. నీ పెట్టె దాని ముందు 20 తగిలించుకుని, ఇది 2013 అనుకుంది. పదకొండేళ్ల తర్వాత రాసిన సర్టిఫికెట్ చూపిస్తే ఇంకా పుట్టలేదనక ఏమంటుంది పాపం?

ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఏరేటర్లకు గంటలతోనే తప్ప ఏడాదితో పనిలేదు. కరెంటు పోని పెట్టెల్లో నువ్వు బల్ల మీద పెట్టిన గడియారమే నడుస్తోంది, అందుకే సగం బాగున్నాయి. నువ్వు మాత్రం నెల నుంచి ప్రతి ఉత్తరం నెత్తినా 113 అని రాస్తూనే ఉన్నావు. నేనూ చదువుతూనే ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరికీ వెలగలేదు.

ఇంకొక్క విషయం: ఇక్కడ ఎవరినీ 2024 అని కొట్టమని అడక్కు. పెట్టెకు 113 నేర్పు.

ఇది మీ మావయ్య చేతికిచ్చి రేపు బయల్దేరుతున్నాను.

లాన్

---

బుదాయ్,
113వ సంవత్సరం, జూన్ 6

ప్రియమైన లాన్ అన్నగారికి,

మా ఊరొచ్చి, మా గంజి తాగి, నా తాళాన్ని మా మావయ్య ముందే పగలగొట్టి, నాకు మొహం చూపించకుండా వెళ్లిపోయారు. ఇది గుర్తుంచుకుంటాను.

పెట్టెకు 113 నేర్పాను. తెర మీద ఇప్పుడు మూడు గళ్లున్నాయి, 1911 అదే కలుపుకుంటుంది. స్విచ్ పీకేశాను. ఆ కోడ్ మీరు మొన్న పిల్లకాలువలో కలిపారు. "బాగుంది" అని ఒక్క ముక్క రాశారు. ఆ ముక్క కోసం ఇంత కాలం పట్టింది. పోనివ్వండి.

ఇప్పుడు అసలు కథ. నిన్నటి నుంచి గాలి లేదు. చెరువుల మీద నీళ్లు నూనెలా నిలిచిపోయాయి. మీ మిగతా దిద్దుబాట్లతో సహా కొత్త పిల్లకాలువ మీ సైట్ నుంచి దింపుకుని పెట్టెలకు ఎక్కించాలి. దింపుకునే ప్రోగ్రాం కూడా మీ లైబ్రరీతో రాసిందే. నొక్కాను. అది మీ సైట్ దాకా వెళ్లి, సర్టిఫికెట్ చూసి, వెనక్కొచ్చేసింది. "గడువు ముగిసింది."

లాన్ అన్నగారూ! గదులూ దొంగలూ అని నాకు పాఠం చెప్పిన లాన్ అన్నగారూ! మీ సొంత సైట్ సర్టిఫికెట్‌కు మే చివర్లోనే కాలం చెల్లింది. మీ పిల్లకాలువ మీ ఇంటికే తలుపు తియ్యనంటోంది. హెచ్చరికలన్నీ మీ ఇంటి కంప్యూటర్‌కి వచ్చే ఉంటాయి, మీరేమో మా గట్టు మీద గంజి తాగుతూ కూర్చున్నారు. తర్వాతైనా పాత మెయిళ్లు చూసుకోలేదు. ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎత్తరు.

దాయ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఒక్కసారి ఆ పరీక్ష తీసేసి దింపుకో. ఆ సైట్ ఆయనదేనని మనకు తెలుసుగా."

"మనకు తెలుసు. దీనికి తెలీదు."

"ఒక్కసారికి ఏమైపోతుంది యా-ఫాంగ్?"

"స్విచ్ లేదు," అన్నాను. "ఉంటే ఎవడో ఒకడు తిప్పుతాడు."

నా నోట్లోంచి వచ్చింది మీ మాటేనని తెలిసి ఇంకా మండింది.

గట్టు మీదికెళ్లి అందరికీ చెప్పాను. ఇవాళ కొత్త తాళం పడదని, అది పడేదాకా పాత పెట్టెలను నమ్మి నిద్రపోవద్దని. కుంగ్ ఏమంటాడోనని అతనికేసే చూశాను. అతను నా వైపు చూడనే లేదు. మావయ్యనడిగాడు, "నువ్వేమంటావు షుయ్-హో?"

"వచ్చినవాడెవడని అడగని తాళం ఎట్లా ఉంటుందో నా కళ్లారా చూశాను," అన్నాడు మావయ్య. "అది మన గట్టు మీద వద్దు."

కుంగ్ టార్చిలైటు తీసి చేతబట్టాడు. "సరే, పెట్టెలు ఆపేయండి. నా చెరువు ఎట్లాగూ ఖాళీగానే ఉంది. మీ అందరి ఏరేటర్లూ నేను చూస్తా, చేత్తోనే వేస్తా. నువ్వెళ్లి ఆ మనిషిని లేపుకురా."

అందుకే ఈ ఉత్తరం పోస్టులో రాలేదు. మీ ఉల్లికాడల పొట్లం మీద చిరునామా చూసుకుని, ఐస్ పెట్టెలో పాలబొంతలు పెట్టుకుని, మావయ్యే మొదటి రైలెక్కాడు. ఇది చదవగానే కంప్యూటర్ ముందు కూర్చోండి. కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోండి. చేపలు తర్వాత తినొచ్చు.

ఇంకొక్క విషయం: మావయ్య తలుపు తట్టినప్పుడు ఎవరని అడిగే తీశారా?

యా-ఫాంగ్