వీడ్కోలుకు గంట కొట్టరు

సభా నివేదికల విభాగం సూపరింటెండెంటు గారికి,

నమస్కారం. నేను వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చునే సభ్యుణ్ణి. సభలో అందరూ దర్జీ అంటారు. ఇక్కడికి రాకముందు నా పని అదే కాబట్టి తప్పు పట్టను.

మా ఊరి చివర సైన్యం వాళ్లు ఫిరంగులు పేల్చి సాధన చేసే మైదానం ఉంది. పేలకుండా మిగిలిన గుండ్లు చుట్టుపక్కల పొలాల్లో పడి ఉంటాయి. మా అక్క గడ్డి కోస్తుంటే ఒకటి పేలి, కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. కొత్త గుండ్లు కొనొద్దు, ఉన్నవి ఏరించండి అని సభలో చెబుతానని అక్కకి మాటిచ్చి ఎన్నికల్లో నిలబడ్డాను. నాలుగేళ్లకి మొన్న ఖర్చుల చర్చలో అవకాశం వచ్చింది. మీరు అచ్చువేసిన నివేదికలో నా ప్రసంగం మొత్తం ఇది: "అధ్యక్షా, మా అక్క... (గంట)."

నేను రాసుకెళ్లింది పద్నాలుగు పేజీలు. జతచేస్తున్నాను. దయచేసి కలపండి.

ఇట్లు,
స్తంభం పక్క సభ్యుడు

తా.క.: "(గంట)" తర్వాత "(నవ్వులు)" అని కూడా వేశారు. ముందు వరస ఆయన తన సంచీ పెట్టుకోవడానికి నా కుర్చీ లాక్కున్నారు, నేను చూసుకోకుండా కూర్చున్నాను. అది నా ప్రసంగంలో భాగం కాదు.

---

గౌరవ సభ్యులకు,

నమస్కారాలు. సభలో అనని మాట అచ్చువేయడం కుదరదు. అది ఖర్చుల చర్చ, మీరు ఆయుధాల సంగతి ఎత్తబోయారు కాబట్టి గంట కొట్టారు. ఆయుధాల నియంత్రణ మీద చర్చ వచ్చే మంగళవారం ఉంది. అప్పుడు మాట్లాడగలరు.

నవ్వుల విషయం: నవ్వింది ముప్పై మంది. వాళ్ల నవ్వు తీసేయాలంటే ముప్పై మందీ సంతకాలు పెట్టాలి.

విధేయుడు,
సూపరింటెండెంటు

తా.క.: మీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. ఐదో పేజీలో సిరా అలుక్కుపోయింది. మా టైపిస్టు చదువుతూ ఏడ్చింది. ఆఫీసు పని వేళల్లో ఏడవకూడదని మందలించాను.

---

సూపరింటెండెంటు గారికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు, అయినా పెడుతున్నాను.

మంగళవారం లేచి "అధ్యక్షా, మా అక్క చెయ్యి పోగొట్టిన గుండ్లు ఇంక కొనొద్దు" అందామనుకున్నాను. ముందు జాగ్రత్తగా "కొనొద్దు"తో మొదలుపెట్టాను. కొనడమంటే ఖర్చు, ఖర్చుల చర్చ అయిపోయింది, ఇది ఆయుధాల చర్చ అని గంట కొట్టారు. "మా అక్క" అనగానే రెండోది కొట్టారు. ఆ తర్వాత మూడు గంటలసేపు, మిగతా దేశాలన్నీ ఆయుధాలు ఎలా తగ్గించుకోవాలో మనవాళ్లు చక్కగా చెప్పారు.

అక్క ఎడమ చేత్తో రేడియో తిప్పుకుంటూ సభంతా వింటోంది. ఫోన్ చేసి, "ఏరా, మళ్లీ 'మా అక్క' దగ్గరే ఆగిపోయావు, నా పేరు మర్చిపోయావా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్లుగా ఆ కుర్చీ అరగదీయడం తప్ప నేను చేసిందేమీ లేదు.

మీ నిబంధనలతో తల ప్రాణం తోకకొచ్చింది. ఏ చర్చలో మాట్లాడితే గంట కొట్టరో అదొక్కటి చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
దర్జీ

తా.క.: ఈసారి ఒక చేత్తో కుర్చీ పట్టుకునే మాట్లాడాను.

---

గౌరవ సభ్యులకు,

నమస్కారాలు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నిబంధనల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. గంట కొట్టకూడని సందర్భం ఒకే ఒక్కటి ఉంది: సభ వదిలి వెళ్లే సభ్యుడి వీడ్కోలు ప్రసంగం. ఏ విషయమైనా, ఎంతసేపైనా మాట్లాడవచ్చు. కిందటేడు ఒక పెద్దాయన తన మోకాలి ఆపరేషన్ గురించి గంటన్నర చెప్పారు. కుట్లతో సహా అచ్చువేశాం.

మీకింకా ఏడాది పదవి ఉంది కాబట్టి ఇది మీకు వర్తించదు. ఊరికే తెలియజేస్తున్నాను.

విధేయుడు,
సూపరింటెండెంటు

తా.క.: ఊరికే అన్నది అబద్ధం. రాజీనామా చేసినవాళ్లు కూడా వెళ్లేవాళ్ల కిందికే వస్తారు.

---

సూపరింటెండెంటు గారూ,

మీకు వంద నమస్కారాలు. రాజీనామా ఇచ్చేశాను. గుండ్లు కొనాలనేవాళ్లు ఎనభై రెండు మంది, వద్దనేవాళ్లం నాతో కలిపి నలభై. ఎల్లుండి ఓటింగులో నా ఒక్క చెయ్యి లేస్తే ఎంత, లేవకపోతే ఎంత?

ముందు అందరూ నన్ను పొగిడారు. నాలుగేళ్లలో ఒక్కసారి పలకరించనివాళ్లు నేను లేని లోటు తీరదన్నారు. కుర్చీ లాక్కున్నాయన నా వాగ్ధాటి మరువలేనిదన్నాడు. ఆయన విన్నది మూడు మాటలు. తర్వాత నేను లేచి పద్నాలుగు పేజీలూ చదివాను. గంట మోగలేదు. పదకొండు సార్లు చప్పట్లు కొట్టారు. అవతలి వైపు చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

అక్క ఫోన్ చేసి, "అంతా విన్నాన్రా. నువ్వు చెబుతుంటే ఎవరో పాపం అనిపించింది, తర్వాత చూసుకుంటే నేనే" అంది. నివేదిక అచ్చవగానే ఒక ప్రతి ఆమెకు పంపండి.

ఇట్లు,
మాజీ సభ్యుడు

తా.క.: మంత్రిగారు నన్ను కావలించుకుని, ఎలాగూ ఖాళీయే కదా, తన కోటు చేతులు కాస్త కురచ చేసిపెడతావా అని చెవిలో అడిగారు.

---

దర్జీ గారికి,

నమస్కారాలు. నివేదిక పంపుతున్నాను. మీ ప్రసంగం అక్షరం పోకుండా వచ్చింది. చప్పట్లు పదకొండూ వేశాం. ఓటింగు రేడియోలో వేయరు కాబట్టి అక్కగారికి ఇంకా తెలిసి ఉండదు. అందుకని ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఈ సభలో ఒక ప్రసంగం విని ఒక్క మనిషి మనసు మార్చుకోవడం నా సర్వీసులో చూడలేదు. మీ ప్రసంగం విని ఇరవై ఒక్క మంది మారారు. గుండ్లు కొనాలని అరవై ఒకటి, వద్దని అరవై. కొనాలని తీర్మానమైంది. రెండూ సమానమై ఉంటే వీగిపోయేది.

మూడుసార్లు సరిచూశాను. మీ పేరు జాబితాలోంచి కొట్టేసింది కూడా నేనే.

విధేయుడు,
సూపరింటెండెంటు

తా.క.: అక్కగారికి చెప్పక తప్పదు. దారి చూపించింది ఫలానా ముసలాడని చెప్పండి, మీ మీద వేసుకోకండి. నన్ను తిట్టాలనిపిస్తే ఆఫీసుకి రాయొద్దనండి, ఇక్కడ నెంబరు వేసి బీరువాలో పెట్టేస్తారు. కవరు వెనక నా ఇంటి చిరునామా ఉంది. అక్కడికి రాస్తే నేనే చదువుతాను.