బియ్యం డబ్బా వెనక జాడీలు

నవంబరు 2, ఆదివారం

ఈరోజు నాకు చిన్న అవమానం జరిగింది. రాసుకోవాలి.

ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని క్రిస్మస్ వైన్ గురించి మాట్లాడుకున్నాం. షాపులో అమ్మేది కాదు. మా ఎమ్మిగనూరు చర్చిలో ముగ్గురు ఆడవాళ్లు ఏటా ఇంట్లోనే పండ్లు పులియబెట్టి చేస్తారు. పండగనాడు కేకుతో పాటు తలా ఒక చిన్న గ్లాసు. నల్లద్రాక్షది కృపమ్మక్క చేస్తుంది, రిటైరైన నర్సు. ఎండుద్రాక్షది వీరమ్మ, బడిలో వంట చేస్తుంది. నేరేడుపండ్లది సిద్దమ్మ. దేవనకొండ నుంచి కోడలిగా వచ్చింది, పొలం పనికి పోతుంది.

"ప్రమీలా, నీకు ఎవురిది ఇష్టం?" అని కృపమ్మక్క అడిగింది.

"అందరివీ బాగుంటాయక్కా."

"అందరివీ అంటే ఎవురిదీ కాదని. ఇన్నేండ్ల నుంచి తాగుతాండావు గదా, నాలుక యాడ పెట్టి తాగినావు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వలేదు.

అందుకే ఈ తీర్మానం. ముగ్గురిదీ రుచి చూసి నాకేది ఇష్టమో తేల్చుకుంటాను. తేలినదాన్ని ఇంట్లో నా చేత్తో చేసి పండగకు పట్టుకెళ్తాను. రుచి అంటే ఒక్క చెంచా. అంగన్‌వాడీ టీచరును, పిల్లల తల్లులు చూస్తుంటారు.

ఇంకొకటి, మా ఆయనకు తెలియకూడదు. ఏసన్న తాగుడు మానేసి ఆరేళ్లయింది. ఎలా మానాడో నాకు తెలియదు. ఒకరోజు మిల్లు నుంచి వచ్చి అన్నం పెట్టమన్నాడు, అంతే. పండగనాడు కూడా గ్లాసు ముట్టడు. ఆ మాట మా మధ్య రాదు. ఇది సారాయి కాదు, పండ్ల రసం. అయినా ఎందుకని.

నవంబరు 3, సోమవారం

కృపమ్మక్క ఇంటికి వెళ్లాను. పోయినేడాది సీసా తీసింది.

"బిరీన మింగొద్దు. నాలుక మీద పెట్టుకో. ఏమొచ్చింది?"

"లవంగం."

"ఇంగా?"

"లవంగమే అక్కా."

ఇంకో చెంచా పోసింది. ఈసారి దాల్చినచెక్క కూడా వచ్చింది. "ఇప్పుడు దోవలోకి వచ్చినావు" అంది.

రెండు చెంచాలయ్యాయి. మొదటిది దగ్గుతో పోయింది కాబట్టి లెక్కలోకి రాదు.

చాలా ఉత్సాహంగా ఉంది. ఇన్నాళ్లూ ఊరికే తాగాను. తాగడం వేరు, తెలుసుకోవడం వేరు.

నవంబరు 5, బుధవారం

వీరమ్మ తనది సాస్ సీసాలో పోసి పంపింది. ఎండుద్రాక్ష, టీ డికాషన్, నిమ్మకాయ. రుచి: దగ్గు మందు. మంచి దగ్గు మందు.

అన్నం తిన్నాక చూడాలని వీరమ్మ చెప్పింది. అన్నానికి ముందు చూడాలని కృపమ్మక్క చెప్పింది. ఇద్దరిలో ఎవరి మాటా తీసెయ్యలేక రెండుసార్లూ చూశాను.

నవంబరు 8, శనివారం

సిద్దమ్మది. నేరేడు.

మొదట వగరు. నోరంతా ముడుచుకుంది. మింగాక నెమ్మదిగా తీపి వచ్చి, పోకుండా ఉండిపోయింది. ఇదే. చెంచా కిందపెట్టకముందే తెలిసింది. నాకంటూ ఒక ఇష్టం ఉందని తెలియడం ఇంత బాగుంటుందనుకోలేదు.

నాలుక ఊదారంగుకు తిరిగింది. సాయంత్రం దాకా ఎవరితోనూ నోరు తెరిచి మాట్లాడలేదు.

"ఏమేం వేస్తావు సిద్దమ్మా?"

"కాయలు, బెల్లం. అంతేక్కా. ఇంగ దాని పని అది సేసుకుంటాది."

"ఇప్పుడు నేరేడుకాయలు యాడ దొరుకుతాయి?"

"ఇప్పుడు యాడివక్కా, వానాకాలంలో గదా."

నా తీర్మానంలో రుతువుల సంగతి లేదు. కొంచెం సవరించాను. కృపమ్మక్క నల్లద్రాక్ష, సిద్దమ్మ బెల్లం, వీరమ్మ ఎండుద్రాక్ష, మూడూ కలిపి చేస్తాను. ఎవరూ బాధపడరు.

నవంబరు 10, సోమవారం

ఆదోనిలో అంగన్‌వాడీ మీటింగు. అయిపోయాక మార్కెట్లో నల్లద్రాక్ష కొన్నాను. తిరుగు బస్సులో చూస్తే పక్క సీటు ముందు ఏసన్న నిలబడి ఉన్నాడు. ఆదోని పత్తి మిల్లులోనే ఆయన పని. మామూలుగా ఈ బస్సుకు రాడు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సంచిలో ఏముంది?"

"పిల్లల బొమ్మలు."

గుంతల రోడ్డు. కోడుమూరు లారీకి దారిస్తూ బస్సు ఒక కుదుపు కుదిపింది. బొమ్మల్లోంచి రసం కారడం మొదలైంది. ఆయన చెప్పుల దాకా వచ్చింది. కాళ్లు కొంచెం పక్కకు జరుపుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

నమ్మాడనే అనుకుంటున్నాను.

నవంబరు 11, మంగళవారం

రెండు ఊరగాయ జాడీలు నింపి, గుడ్డ కట్టి, మూత పెట్టి, బియ్యం డబ్బా వెనక దాచాను. కృపమ్మక్క ఫోన్లో గట్టిగా చెప్పింది: "మూడు వారాలు మూత తీయొద్దు. గాలి తగిలితే అంతా పోతాది."

తీయను. నా మాట మీద నాకు నమ్మకం ఉంది.

నవంబరు 13, గురువారం

తీశాను. బాగుందో లేదో చూడ్డానికే. బాగుంది. లోపల చిన్నగా గుడగుడమంటోంది.

నవంబరు 16, ఆదివారం

వీరమ్మ అయితే రోజూ కలపాలంటుంది. అప్పుడు మూత తీయడం తప్పు కాదు. చెంచా అడుగుకు అందడం లేదు కాబట్టి గరిటె వాడాను. గరిటె కూడా పెద్ద చెంచానే.

ఇల్లంతా తీయటి వాసన. రెండు గదుల ఇల్లు, వాసన పోవడానికి చోటు లేదు. అగరొత్తులు వెలిగించాను. ఏసన్న తలుపు దగ్గర ఒక నిమిషం ఆగి, "దోమలా?" అన్నాడు. "దోమలు" అన్నాను.

నవంబరు 19, బుధవారం

ఆయన ఆలస్యంగా వచ్చాడు. మిల్లులో లోడు ఉందన్నాడు. అన్నం తిని చాప తీసుకుని మిద్దె మీదికి పోయాడు. చలిగా లేదా అంటే గాలి బాగుందన్నాడు.

ద్రాక్ష రంగు బాగా దిగింది. అరగ్లాసు.

నవంబరు 22, శనివారం

మళ్లీ ఆలస్యం. బయట తినొచ్చానన్నాడు. ఆరేళ్లలో ఆయన బయట తిన్నది లేదు.

ఆయన స్నానానికి పోయినప్పుడు చొక్కా వాసన చూశాను. పత్తి దుమ్ము. ఇంకోసారి చూశాను. పత్తి దుమ్మే. కానీ ఇంటి నిండా జాడీల వాసన ఉన్నప్పుడు చొక్కాకు ఏ వాసన ఉందో నాకెలా తెలుస్తుంది.

ఆలోచిస్తూ ఒక గ్లాసు తాగాను. దేని రుచీ తెలియలేదు.

నవంబరు 25, మంగళవారం

వీరమ్మ అంగన్‌వాడీకి వచ్చింది. పిల్లలు నిద్రపోతున్నారు.

"అక్కా, సెప్పొచ్చో లేదో. మీ ఆయన్ని మూడు నాలుగు సార్లు సూసినా. పొద్దుగూకినాక బస్టాండు తట్టు కూసోనుంటాండాడు."

బస్టాండు పక్కన ఏముందో ఊరందరికీ తెలుసు. ఆ బ్రాందీ షాపు ముందునుంచి ఆయన్ని రిక్షాలో ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకున్నానో వీరమ్మకూ తెలుసు.

తీర్మానాల గురించి రాయబుద్ధి కావడం లేదు.

నవంబరు 26, బుధవారం

చీకటి పడకముందే బస్టాండుకు వెళ్లాను. షాపు దగ్గర చూశాను. లేడు. బెంచీల దగ్గర ఉన్నాడు. మా ఇంటివైపు వెళ్లే మలుపుకు ఎదురుగా కూర్చుని ఉడకబెట్టిన సెనక్కాయలు ఒలుచుకుని తింటున్నాడు. పక్కన పొట్లం తప్ప ఏమీ లేదు. నన్ను చూసి పొట్లం జరిపి చోటిచ్చాడు.

"లోడు అంటివే" అన్నాను.

"ల్యాదు."

"మరి ఇంటికి రాకుండా ఈడేం సేస్తాండావు?"

సెనక్కాయ ఒలవడం ఆపాడు. "ఆ జాడీలు ఎప్పుడు తీస్తావు?"

"ఎప్పుడు సూసినావు?" అన్నాను.

"సూసేదేముంది. బస్సులోనే తెలిసె. బియ్యం డబ్బా ముందుకు జరిగిండె. ఆరేండ్లు ఇడిసిపెట్టినా గానీ, ముక్కు ఇడిసిపెట్టల్యాదు గదా."

"నాకు సెప్పొచ్చు గదా?"

"నువ్వు ఆశపడి సేసుకుంటాండావు. ఫోన్లో వాళ్లతో ఈ రుచి, ఆ రుచి అని మాట్లాడతాంటే నాకూ బాగనిపించె. నీ కోసరం నువ్వు ఇంతవరకూ ఏం సేసుకున్నావని. మూడు వారాలు ఈడ కూసుంటే అయిపోతాది అనుకున్నా." ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. "వాసన ఓర్సుకుంటా ప్రమీలా. అది గుడగుడమంటాది సూడు, పండుకుంటే అదే ఇనపడతాది. పిలిసినట్టుంటాది. అందుకే మిద్దెక్కినా."

నేను ఏడవలేదు. బస్టాండులో తెలిసినవాళ్లుంటారు. పొట్లంలో మిగిలిన సెనక్కాయలన్నీ నేనే ఒలిచాను. ఆయన తిన్నాడు.

"లే, పోదాం" అన్నాను.

"నువ్వు పోయి కిటికీలు తీసిపెట్టు, వస్తా."

"కిటికీలు కాదు. రా."

నవంబరు 27, గురువారం

పొద్దున్నే ఆటో పిలిచి రెండు జాడీలూ కృపమ్మక్క ఇంటికి చేర్చాను. ఎందుకో చెప్పాను. ఆమె మూత తీసి వాసన చూసింది. చెంచాతో నాలుక మీద వేసుకుంది. చాలాసేపు మింగలేదు.

"రోజూ తీసినావా మూత?"

"తీసినానక్కా."

"ఇది వైన్ కాదు. వెనిగర్ అయిపోయింది. ఉల్లిగడ్డల్లోకి బాగుంటాది."

ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనక సబ్బు నీళ్లతో కడిగాను. సాయంత్రం ఆయన మామూలు బస్సుకే వచ్చాడు. తలుపు దగ్గర ఆగలేదు.

డిసెంబరు 25, గురువారం

పండగ. బిర్యానీలోకి కోసిన ఉల్లిగడ్డ ముక్కల మీద నా వైన్ చల్లారు. అందరూ రెండోసారి వేసుకున్నారు. పాస్టరుగారు ఎవరు చేశారని అడిగితే కృపమ్మక్క నా పేరు చెప్పింది, దేనికోసం చేశానో చెప్పలేదు.

తరువాత ముగ్గురి సీసాలూ వచ్చాయి. కృపమ్మక్క అందరి ముందూ మళ్లీ అడిగింది: "ఇప్పుడు సెప్పు ప్రమీలా, ఎవురిది?"

"సిద్దమ్మది."

సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృపమ్మక్క తల ఊపింది. ఆ తరువాత పళ్లేలు కడిగేదాకా నాతో మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "నీ నాలుక బాగుంది" అని చెప్పి వెళ్లింది.

జనవరి 4, ఆదివారం

సిద్దమ్మ ఈసారి రేగుపండ్లతో చేస్తుందట. వాళ్ల అమ్మ చేసేదట. కలిసి చేద్దాం రమ్మంది.

కొత్త తీర్మానం. నేర్చుకుంటాను. అంతా సిద్దమ్మ ఇంట్లోనే. మా ఇంట్లో ఏదీ పులియబెట్టను. దోసెల పిండి లెక్కలోకి రాదు. జాడీ మూత నేను తీయను, తీయాలనిపిస్తే సిద్దమ్మకు చెప్పి ఇంటికి వచ్చేస్తాను.

ఈసారి ఏసన్నకు ముందే చెప్పాను. అన్నం తింటున్నాడు.

"యాడ సేస్తారు?"

"వాళ్లింట్లో. నీకు ఇష్టం లేకుంటే పోను."

"పో. నేర్సుకో." పెరుగు పోసుకున్నాడు. "దేవనకొండ తట్టు గట్ల మీద మంచి రేగుపండ్లుంటాయి. వచ్చే ఆదివారం ప్రార్థన అయినాక బండి మీద పోదాం. ఏరుకొద్దాం."

"నువ్వెందుకప్పా దానికి?"

"పులిసేదాకా అది పండే గదా" అన్నాడు. "నా వాటా నేను పచ్చిగానే తినేస్తా."