అక్క చదువు ఆగిన కారణం

మదనపల్లె,
సోమవారం.

అక్కకు, చెల్లెలు రోజా నమస్కరించి రాసేది. ఇక్కడ మా ముగ్గురికీ ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, బావ, భవ్య కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరాలు రాసే మనిషివి కుప్పం మొత్తానికి నువ్వొక్కదానివే ఉంటావని మీ మరిది నవ్వుతాడు. రాయడం మానేస్తే పదో తరగతి సగం దాకా నేర్చుకున్నది కూడా పోతుందని నీ భయం. ఆ సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

అమ్మ గురించి అడిగావు. పుంగనూరులో తమ్ముడి దగ్గరే ఉంది. మోకాలి నొప్పి తగ్గింది, చక్కెర తగ్గలేదు. బెల్లం చీరకొంగులో దాచుకుని తింటోందని మరదలి గోల. పట్టుపురుగులకు జబ్బు తగిలిందన్నావు, ఈ పంటైనా గూళ్లు బాగా కట్టాయా? భవ్యకు మా కాలేజీలోనే డిగ్రీ సీటు ఖాయమైంది. మేడ మీది గది కడిగించి పెట్టాను. "మనింట్లో నాకు అన్యాయం చెయ్యని మనిషివి నువ్వొక్కదానివే, అందుకే బిడ్డను నీ చేతిలో పెడతాండాను" అని రాశావు. అది చదివాక నాకు అన్నం సయించడం లేదు.

సదుంలో మన పక్కింటి అత్త, చిన్నక్క, పోతే చూడటానికి రాలేదు, తప్పు చేశానా అని కూడా అడిగావు. దానికి జవాబు ఉంది. ముందు మా క్లాసులో జరిగింది చెప్పనీ.

ఆడ, మగ అంటూ డిగ్రీ పిల్లలకు ఏం పాఠం చెబుతావే అని ఎగతాళి చేస్తుంటావు కదా. పోయిన నెల అందరికీ తలా ఒక చీటీ ఇచ్చాను. మీ ఇంట్లో చదువు ఆగిన ఆడమనిషి ఎవరు, ఎందుకు ఆగింది, మీ పేరు లేకుండా రాయండి అన్నాను. మా అమ్మ, ఏడో తరగతి, చెల్లెల్ని ఎత్తుకోవడానికి. మా పిన్ని, ఎనిమిది, పెద్దమనిషి అయింది. ఇలాంటివే నలభై. ఒకదాంట్లో మాత్రం, మా అక్క, ఇంటరు, నా వల్ల అని ఉంది.

అది మునికుమార్ రాసింది. కలికిరి దగ్గర పల్లె వాడిది. సాయంత్రం స్టాఫ్ రూముకు వచ్చి తనే ఒప్పుకున్నాడు. "మా యక్క ఎవురితోనో మాట్లాడతా ఉంటే సూసి ఇంట్లో చెప్పినాను మేడమ్. నేనే చెప్పినానని దానికి తెలీదు" అన్నాడు. వెళ్లి చెప్పు, ఆమెకు తెలియాలి అన్నాను. పాఠం చెప్పినంత తేలిగ్గా అనేశాను.

వారం తర్వాత మళ్లీ వచ్చాడు. "చెప్పినాను మేడమ్. తిట్టలా, కొట్టలా. సరేలే, కూడు తిను అనింది. పొద్దన్నే బిడ్డను ఎత్తుకోని అత్తగారింటికి పోయింది. ఇప్పుడు ఫోను ఎత్తలా." అంతా చెప్పి, "మీరైతే చెప్పుంటారా మేడమ్?" అని అడిగాడు.

చెప్పేదాన్ని అన్నాను. వాడు నమ్మాడక్కా. వాడు వెళ్లాక తలుపేసుకుని ఏడ్చాను.

పుంగనూరు బస్టాండులో నువ్వు మీ క్లాసు శివకుమార్‌తో మాట్లాడుతుంటే చూసింది నేను. నాయనకు చెప్పింది నేను. చిన్నక్క అత్త కాదు. ఆరోజు ఆమె కూడా మన బస్సులోనే ఉంది కాబట్టి ఆమే అనుకున్నావు. ఇరవై ఎనిమిదేళ్లుగా నిన్ను అలాగే అనుకోనిచ్చాను.

"నిజమేనా మే? ఏమిచ్చినాడు వాడు?" అని నాయన అడిగాడు. కాయితం అన్నాను. అతను ఇచ్చింది నీ లెక్కల నోటుబుక్కు. దానికి అట్ట వేసింది నేనే, నాకు తెలియదా?

చిన్నపిల్లను, తెలియక చేశాను అని రాద్దామనుకున్నాను. తెలిసే చేశాను. అంతకు ముందు వారం నాయన అమ్మతో అనడం విన్నాను. "ఇద్దురు ఆడబిడ్డల్ని కాలేజీకి పంపలేను. పెద్దదాన్ని సదివిస్తాం, రోజాను పదితో నిలిపేద్దాం" అన్నాడు. నిన్ను బడి మాన్పిస్తారని తెలుసు. పెళ్లి చేస్తారని మాత్రం అనుకోలేదు. నాలుగు నెలల్లో నిన్ను కుప్పం పంపేశారు. నేను నీ పుస్తకాలతోనే పది చదివాను.

ప్రతి ఏడాదీ నీ కథ పేరు లేకుండా క్లాసులో చెబుతాను. తండ్రి పెత్తనం, పరువు, ఊరి నోళ్లు, అన్నీ బోర్డు మీద రాస్తాను. అవన్నీ నిజమే. నా పేరు మాత్రం రాయను.

నా పెళ్లిలో చిన్నక్క అత్త వడ్డించడానికి వస్తే నువ్వు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయావు. ఆమె నన్ను పక్కకు పిలిచింది. "మే రోజా, నేను చెప్పలేదని మీ యక్కకు నువ్వన్నా చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాది" అంది. చెబుతానన్నాను. చెప్పలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు.

నువ్వు చూడటానికి రాకపోవడం నీ తప్పు కాదక్కా, ఆ తప్పు నాది. వచ్చే ఆదివారం సదుంలో అత్త పెద్ద దినం. వెళ్తున్నాను. ఆమె పిల్లల ముందు ఇదంతా చెబుతాను. నీకు ఫోను చేస్తే నీ గొంతు వినగానే మళ్లీ దాచేస్తాను, అందుకే కాగితం మీద పెట్టాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఈ ఉత్తరం భవ్య చేత చదివించు. నా ఇంట్లో ఉండాలా వద్దా, నా క్లాసులో కూర్చోవాలా వద్దా, అదే చెప్పాలి. అది వద్దంటే ఇంకో కాలేజీలో సీటు కోసం నేనే తిరుగుతాను, నా ముఖం చూడక్కర్లేదు. నువ్వూ బావా దాని తరపున ఏదీ అనుకోవద్దు, దాన్ని అడగండి. నిన్ను మేమెవరమూ అడగలేదు.

ఇట్లు,
నీ చెల్లెలు,
రోజా